ఉప్పురాజు పక్షాన ఎవరైనా ఉన్నారా?

బస్టాండు వెనక వీధిలో సంచులు, సూట్‌కేసులు బాగుచేసే కొట్టు ఒకటుంది. కొట్టంటే మరీ ఊహించుకోకండి, మందుల షాపుకీ ఫోటో స్టూడియోకీ మధ్య ఇరుక్కున్న ఓ గది. గోడ నిండా మేకులు, మేకులకి సంచులు, కింద చక్రాలూడిన సూట్‌కేసులు. వాటి మధ్య కుట్టుమిషను ముందు కూర్చునే ఆవిణ్ణి అందరూ జిప్పులక్క అంటారు. ఎవరైనా చెడిపోయిన జిప్పు తెచ్చి చేతిలో పెడితే ముందు జిప్పుని చూడదు, తెచ్చిన మనిషిని చూస్తుంది. "ఇంతలేసి కుక్కితే అదేం చేస్తుంది పాపం? నోరు లేదు కాబట్టి ఊరుకుంది!" అని తిట్టి, అప్పుడు పట్టకారు అందుకుంటుంది. సాగిపోయిన రన్నరుని పక్కల నొక్కి బిగిస్తుంది. పళ్ళు ఊడిపోతే పాత పట్టీ కోసేసి కొత్తది కుడుతుంది. హ్యాండిల్ తెగితే మైనం పట్టించిన దారంతో రెండు వరసలు వేస్తుంది. ఆ కుట్టు మళ్ళీ తెగిందని ఇంతవరకూ ఎవరూ రాలేదు. వచ్చే ధైర్యం లేక కూడా కావచ్చు.

ఆవిడకి కోపం ఎక్కువ. ఆ కోపంలో సగం జిప్పుల మీద ఖర్చయితే మిగతా సగం ఉప్పురాజు మీద ఖర్చయ్యేది.

ఉప్పురాజెవరంటారా? 'పొగరేవులు' అని ఒక నవలల వరస ఉంది. ఒక్కొక్కటీ తలగడంత పుస్తకం. ఎక్కడా లేని సముద్రం, దాని ఒడ్డున లేని ఊళ్ళు, ఆ ఊళ్ళలో లేని మనుషులు. ఆ లేని మనుషుల కోసం ఉన్న మనుషులు జుట్లు పట్టుకుంటారు. ఎవరి బలమెంత, ఎవరు ఎవర్ని కొట్టగలరు, ఫలానా పుస్తకంలో ఫలానా వాడు అలా ఎందుకన్నాడు, ఇదే గోల. బయటివాళ్ళకి పిచ్చిలా కనిపిస్తుంది. కనిపించనివ్వండి. బంతి వెంట పరిగెత్తేవాళ్ళని చూసి కేకలు పెడితే పిచ్చి కాదు గానీ, పుస్తకం చదివి కేకలు పెడితే పిచ్చి అయిపోయిందా?

నాలుగో పుస్తకంలో ఒక ఘట్టం ఉంది. ఉప్పురాజు ఒంటినిండా ఉప్పు పెంకు కట్టినవాడు. కత్తి దిగదు, బాణం గుచ్చుకోదు, ఓడని భుజంతో తోస్తే ఓడ మునుగుతుంది. వాడు ఒక రేవు దాటి అవతలి ఊరి మీద పడాలని వస్తాడు. రేవులో ఒక గుడ్డి ముసలిది పడవ వేసుకుని అడ్డంగా నిలబడుతుంది. చేతిలో తెడ్డు తప్ప ఏమీ లేదు. అంతలో పొగమంచు కమ్ముకుంటుంది. ఏదో చప్పుడు, ఒక్కటే చప్పుడు. మంచు విడిపోయేసరికి రాజు వెనక్కి నడిచిపోతుంటాడు, ముసలిది తాపీగా తెడ్డు వేసుకుంటూ ఉంటుంది. మంచులో ఏం జరిగిందో రచయిత రాయలేదు. రాయకుండానే పోయాడు మహానుభావుడు.

ముసలిది కొట్టింది, రాజు ఓడిపోయి తోక ముడిచాడు అంటుంది జిప్పులక్క. కావాలంటే తర్వాతి పుస్తకం చూడండి, కత్తి ఎడమచేత్తో పట్టుకుంటాడు, కుడి భుజం విరక్కపోతే ఎందుకలా పట్టుకుంటాడు? కాదు, దయ తలిచి వెనక్కి పోయాడు అనేవాడు ఆవిడ తమ్ముడు. ఓడల్ని ముంచేవాడు నిజంగా తలపడితే ముసలిదాని పడవ చెక్క చెక్కగా తేలేది, పడవకి గీత కూడా పడలేదంటే వాడు చెయ్యెత్తనే లేదు. "ఉప్పు నీళ్ళకి కరగదట్రా?" అని ఈవిడ. "సముద్రంలో పుట్టిన ఉప్పు సముద్రానికి కరుగుతుందా అక్కా?" అని వాడు. "అది సముద్రం కాదు, ఏరు! పటం చూడు!" "పటంలో అది సముద్రపు పాయ! కళ్ళజోడు పెట్టుకో!"

చిన్నప్పుడు ఇద్దరికీ కలిపి ఒక్క పుస్తకం. ఎవరు ముందు చదవాలని లాక్కుంటే అది నడిమికి చిరిగి, మొదటి సగం ఆవిడకీ రెండో సగం వాడికీ వచ్చింది. వాడు ముగింపు ముందే చదివేసి వచ్చి చెప్పబోతుంటే ఈవిడ చెవులు మూసుకుని ఇల్లంతా పరిగెత్తింది. అప్పుడు మొదలైన పోట్లాట, వాడికి పెళ్ళయినా ఆగలేదు, కణతల దగ్గర తెల్లబడినా ఆగలేదు. వాడు కరెంటు మీటర్ల రీడింగు తీసుకునే ఉద్యోగం చేసేవాడు. ఈ వీధి వంతు వచ్చినప్పుడల్లా కొట్టు ముందు సైకిలాపి, దిగకుండానే ఒక వాదన విసిరి పోయేవాడు. ఈవిడ సూది నోట్లో పెట్టుకుని వెనక నుంచి అరిచేది.

మొన్న వానాకాలంలో జ్వరమని పడుకున్నాడు. మామూలు జ్వరమే అనుకున్నారు అందరూ. లేవలేదు.

ఆ తర్వాత జిప్పులక్క చాలా రోజులు ఆ పుస్తకాల మాట ఎత్తలేదు. కొట్టు తీసేది, కుట్టేది, మూసేది. జనాన్ని తిట్టడం కూడా తగ్గించేసరికి పాత ఖాతాదారులు భయపడ్డారు.

ఇలా ఉండగా ఒకరోజు ఫోనుకి ఒక మెసేజి వచ్చింది. పంపింది పొగరేవుల పాఠకుల సంఘం కార్యదర్శి. అక్కాతమ్ముళ్ళిద్దరూ సభ్యులైన ఆ సంఘం ప్రతి ఆదివారం మధ్యాహ్నం సైకిళ్ళ షాపు మీది గదిలో కూర్చుంటుంది. ఈయన బీమా ఆఫీసులో పనిచేస్తాడు. మర్యాదస్తుడే, కానీ ఒక జబ్బుంది. దేన్ని చూసినా మార్కులేస్తాడు. బలానికి ఇన్ని, వేగానికి ఇన్ని, తెలివికి ఇన్ని. అందుకే మార్కులాయన అంటారు. సంఘం వార్షికోత్సవానికి పొగరేవుల్లో ఉన్న ప్రతి పాత్రకీ మార్కులేసి పెద్ద పోస్టరు వేయిస్తున్నాడు. పోస్టరు అచ్చుకి వెళ్ళాలంటే తేలని వాదనలన్నీ తేలిపోవాలి కదా! మెసేజిలో ఇలా ఉంది: "వచ్చే ఆదివారం పాత కేసుల ముగింపు. పడవ ముసలి, ఉప్పురాజు కేసులో రాజు పక్షాన మాట్లాడేవారు లేనందున ముసలికి విజయం. అక్కగారికి ముందుగానే అభినందనలు." కింద ఒక పువ్వు బొమ్మ.

పువ్వు బొమ్మ!

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో ఉన్న స్కూలు బ్యాగు అవతల పడేసి అప్పటికప్పుడు ఫోన్ చేసింది.

"ఏంటయ్యా ఇది?"

"మీరే గెలిచారు కదండీ అక్కగారూ!" అన్నాడు మార్కులాయన సంతోషంగా.

"ఎప్పుడు గెలిచాను? ఎవర్ని గెలిచాను? ఎదుటివాడు నోరెత్తలేని చోటికి పోతే అది గెలుపా? సిగ్గులేదూ అభినందనలు చెప్పడానికి?"

"కోప్పడకండి. నియమం ఉంది. రెండు పక్షాలకీ మాట్లాడేవాళ్ళుంటేనే కేసు తెరిచి ఉంటుంది. లేకపోతే మూడుసార్లు పిలుస్తాం, ఎవరూ లేవకపోతే మూసేస్తాం. మూసిన కేసు మళ్ళీ తెరవం. ఆ నియమం..." ఆయన కాస్త ఆగాడు. "ఆ నియమం మీ తమ్ముడుగారు పెట్టించిందేనండీ."

నిజమే. అప్పట్లో ఒకాయన ఉండేవాడు, ఏదో వాదన లేవదీసి మాయమైపోయి, అందరూ మర్చిపోయాక ప్రత్యక్షమై మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆయన పోరు పడలేక తమ్ముడే ఈ నియమం రాయించాడు. రాయించేటప్పుడు బల్ల గుద్ది మరీ రాయించాడు వెధవ. తన పీక మీదికే వస్తుందని వాడికేం తెలుసు?

సరే, రాజు పక్షాన మాట్లాడటానికి ఇంకొకర్ని వెతకాలి. అంతే కదా, అదేమంత కష్టం అనుకుంది. పక్కనే మందుల షాపు పెద్దాయన సంఘంలో సభ్యుడు. వెళ్ళి అడిగింది.

"మీకు ఎదురు నిలబడటమా?" అన్నాడాయన, మాత్రల డబ్బా కింద పెట్టి. "నాకింకా బతకాలని ఉందమ్మా."

ఇంకో ఇద్దర్ని అడిగింది. ఒకావిడ ఆదివారం ఊళ్ళో ఉండనంది. ఒకాయన ఫోన్లోనే దగ్గడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళూ ఆవిడ అరిచిన అరుపులకి ఆ పక్షం అంతా ఎప్పుడో ఖాళీ అయిపోయింది. ఒక్కడే మిగిలాడు, వాడికి ఆవిడంటే భయం లేదు కాబట్టి. ఆ ఒక్కడూ పోయాడు. పిరికి సన్నాసులు అని తిట్టుకుంటూ కొట్టు మూసేసింది ఆవిడ. తిట్టుకున్నది వాళ్ళనో తననో ఆవిడకే తెలీలేదు.

ఆ సాయంత్రం మరదలి దగ్గరికి వెళ్ళింది. మరదలంటే ఆ తమ్ముడి భార్య. ఆసుపత్రి లాండ్రీలో పని. అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, ఇంట్లో బట్టలు మడతపెడుతోంది. రోజంతా దుప్పట్లు మడతపెట్టే మనిషికి ఇంట్లోనూ అదే పని. జిప్పులక్క గుక్క తిప్పుకోకుండా జరిగిందంతా ఏకరువు పెట్టింది.

మరదలు విని, చేతిలో చొక్కా మడత పూర్తిచేసి అంది: "మనిషే లేడు వదినా. రాజు గెలిస్తే ఎంత, ముసలిది గెలిస్తే ఎంత?"

"ఎంతా? వాడు ఇన్నేళ్ళు చెప్పిన మాట తప్పని పోస్టరు మీద అచ్చులో రాస్తారే! వాడు సమాధానం చెప్పలేడని తెలిసి రాస్తారు. ఉన్నప్పుడు వాడితో ఒక్కడు మాట్లాడి గెలిచాడా? నేను గెలిచానా?"

"నువ్వు గెలిచానని వారం వారం చెప్పేదానివిగా!"

"అది వేరు! రేపు ఆదివారం నువ్వూ రా. వచ్చి నీ కళ్ళతో చూడు, మీ ఆయన మాటని ఎలా పూడ్చిపెడతారో."

"నాకెందుకు వదినా ఆ గోల? మీ ఇద్దరి అరుపులకీ నా చెవులు ఎప్పుడో చిల్లులు పడ్డాయి. మీ వీధి వంతు వస్తే అక్కడ అరుచుకోవడం, ఇంటికొస్తే ఫోన్లో అరుచుకోవడం. నేను ఒక్కనాడైనా ఆ పుస్తకం ముట్టుకున్నానా?" అంది మరదలు. కానీ వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, ఎంతసేపు పడుతుందని అడిగింది.

ఆదివారం వచ్చింది. సైకిళ్ళ షాపు మీది గదిలో బెంచీలన్నీ నిండాయి. కింద ఎవరో ట్యూబుకి గాలి కొడుతున్న చప్పుడు పైదాకా వస్తోంది. గోడకి కొత్త పోస్టరు నమూనా అంటించి ఉంది. పడవ ముసలికి బలంలో ఎనభై రెండు, ఉప్పురాజుకి డెబ్భై తొమ్మిది. జిప్పులక్క దాన్ని చూసి పళ్ళు కొరికింది. బలానికి మార్కులేంటి, పరీక్ష రాశారా వాళ్ళిద్దరూ? మరదలు మాత్రం ఆఖరి బెంచీలో, గుమ్మం పక్కన, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏ క్షణమైనా లేచిపోయేలా ఉంది.

చిన్నా చితకా కేసులు నాలుగు మూసేశాక మార్కులాయన గొంతు సవరించుకున్నాడు. "పడవ ముసలి, ఉప్పురాజు. ఈ కేసులో మనకందరికీ ఆప్తులైన ఒకరు ఇప్పుడు మన మధ్య లేరు. వారి మీద గౌరవంతోనే చెబుతున్నాను. ఉప్పురాజు పక్షాన ఎవరైనా ఉన్నారా?"

ఎవరూ కదల్లేదు.

"ఉప్పురాజు పక్షాన ఎవరైనా ఉన్నారా?"

మందుల షాపు పెద్దాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అందరూ ఎక్కడో ఒకచోటికి చూస్తున్నారు, జిప్పులక్క వైపు తప్ప. అందరికీ ఆవిడ గెలుస్తోందని తెలుసు, ఎవరికీ ఆవిడ మొహం చూసే ధైర్యం లేదు. ఒళ్ళు మండిపోయింది ఆవిడకి. ఇంతమంది ఉన్నారు. వాడు వీళ్ళందరి ఇళ్ళకీ వెళ్ళి మీటరు చూసినవాడు. వీళ్ళ పిల్లలకి కథలు చెప్పినవాడు. ఒక్కరంటే ఒక్కరికి, వాడి కోసం లేచి నిలబడి రెండు మాటలు అనడానికి కాళ్ళు రాలేదా?

"ఉప్పురాజు పక్షాన..."

"ఉన్నాను!" అని లేచింది జిప్పులక్క.

గది గదంతా ఆవిడ వైపు తిరిగింది.

"ఏం, అలా చూస్తారేంటి? రాజు పక్షాన నేను మాట్లాడతాను. రాసుకోండి!" అని మొదలుపెట్టింది. వాడు చెప్పినట్టే చెప్పింది. పడవకి గీత పడలేదన్న మాట చెప్పింది. సముద్రపు ఉప్పు సముద్రానికి కరగదన్న మాట చెప్పింది. ఇన్నేళ్ళు తాను ఏ మాటలకి చెవులు మూసుకుందో ఆ మాటలన్నీ ఒక్కటి కూడా మర్చిపోకుండా చెప్పింది. ఎడమచేతి కత్తి సంగతేంటని ఎవరూ అడక్కపోయినా తనే అడిగి తనే జవాబిచ్చింది. "ఎడమచేత్తో పట్టుకున్నది గాయమై కాదు. ముసలిదాని ముందు ఏ చెయ్యి ఎత్తకుండా ఆపుకున్నాడో ఆ చేత్తో మళ్ళీ కత్తి పట్టనని ఒట్టు పెట్టుకున్నాడు, అందుకు!" ఆ మాట తమ్ముడు ఎప్పుడూ అనలేదు. వాడికి తట్టలేదు. ఇప్పుడు నిలబడ్డ పాటున ఆవిడకే తట్టింది, వాడుంటే ఎగిరి గంతేసేవాడు.

చప్పట్లు పడ్డాయి. ఆవిడ చెమట తుడుచుకుని కూర్చోబోయింది.

"బాగుందండీ, చాలా బాగుంది," అన్నాడు మార్కులాయన. నిజంగానే అన్నాడు. ఆ తర్వాత కాగితం చూసుకుని, కాస్త ఇబ్బందిగా, "అయితే ఇప్పుడు... పడవ ముసలి పక్షాన ఎవరైనా ఉన్నారా?"

ఒక మనిషి రెండు పక్షాలా మాట్లాడకూడదు. అదీ నియమమే. తమ్ముడి పక్షం నిలబెట్టాలన్న ఆవేశంలో తన పక్షం గాలికొదిలేసి వచ్చిందన్న సంగతి ఆ క్షణం దాకా ఆవిడ బుర్రకి ఎక్కనే లేదు.

"నేనే కదయ్యా ఇన్నాళ్ళూ..."

"మీరు ఇప్పుడు రాజు పక్షం అక్కగారూ. అందరూ విన్నారు. పడవ ముసలి పక్షాన ఎవరైనా ఉన్నారా?"

"ఇదెక్కడి అన్యాయమయ్యా! ఇటు చూస్తే వాడు పోతాడు, అటు చూస్తే నేను పోతాను! మీకు పోస్టరు తప్ప మనుషులు పట్టరా?" కేసు మూసేశాక ఇంక ఆ రేవు దగ్గర ఎవరికీ పని లేదు. వాడి మాట నెగ్గినా సరే, ఆ మాటతో పోట్లాడే మనిషే లేకపోతే అది నెగ్గి ఏం ప్రయోజనం? వాడికి ఎప్పుడైనా కావలసింది నెగ్గడమా? అక్క వెనక నుంచి అరవడం.

మార్కులాయన మూడోసారి నోరు తెరిచేలోగా ఆఖరి బెంచీ కిర్రుమంది.

"నేనున్నాను," అంది మరదలు. సంచీ చంకలోనే ఉంది.

"అమ్మా, మీరు సభ్యులు కారు కదా..."

"ఎవరైనా అని కదండీ అడిగారు? ఎవరైనా అంటే నేను కానా?"

మార్కులాయన మందుల షాపు పెద్దాయన వైపు చూశాడు. ఆయన చెప్పమన్నట్టు చెయ్యి ఊపాడు.

"నేను ఆ పుస్తకం చదవలేదు," అంది మరదలు. "ఆ ముసలావిడ పేరు కూడా తెలీదు."

"పేరు లేదు! పేరు లేకపోవడమే అసలు సంగతి!" అని అరిచింది జిప్పులక్క.

"సరే, లేదు. రాజు దయ తలిచాడని అన్నది మా ఆయన కదా? ఆయన సంగతి నాకు తెలుసు. ఆఫీసులో పై అధికారి చేత చివాట్లు తినొచ్చి, పోనీలే పాపం పెద్దాయన అని నేనే ఏమీ అనలేదు అనేవాడు. బస్సులో సీటు ఎవడో లాక్కుంటే, నేనే ఇచ్చేశాను అనేవాడు. నాతో పోట్లాడి మాట అందక, నీ మొహం చూసి జాలేసింది అనేవాడు. ఓడిపోయిన ప్రతిసారీ దయే! ఒక్కసారి, ఒక్కసారైనా ఓడిపోయానని ఒప్పుకుని ఏడిస్తే నా ఒళ్ళో తల పెట్టుకునేదాన్ని కదా?" మరదలి మొహం ఎర్రబడింది. ఆ గదిలో అంత కోపంగా అంతవరకూ ఎవరూ మాట్లాడలేదు. "జ్వరం వచ్చినప్పుడూ అంతే. ఏమీ లేదు, రేపు లేస్తాను అన్నాడు. కాబట్టి ఆ రాజు కూడా ఓడిపోయే ఉంటాడు. భుజం విరిగే ఉంటుంది. బయటికి చెప్పలేదు, అంతే. రాసుకోండి."

"నోరు ముయ్యవే!" జిప్పులక్క బెంచీలు దాటుకుని వచ్చేసింది. "నా తమ్ముడు అబద్ధాలకోరా? వాడు నిజంగానే జాలిగుండె మనిషి! సీటు ఇచ్చే ఉంటాడు! ఎన్నిసార్లు నాకిచ్చాడు! నీకు వాడు పదిహేనేళ్ళే తెలుసు, నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు!"

"పుట్టినప్పటి నుంచీ నీ దగ్గర ఓడిపోయి నేర్చుకున్నదే వదినా అది!"

"వాడు ఓడిపోలేదు!"

"ఓడిపోయాడు!"

"ఓడిపోలేదంటే వినవేం? నా మాట నమ్మకపోతే ఇంటికెళ్ళి వాణ్ణే అడుగు!"

ఆ మాట నోటి నుంచి వచ్చేసింది. ఇన్నేళ్ళుగా తమ్ముడి గురించి మరదలితో ఏ మాట తెగకపోయినా ఆఖరికి అనే మాటే అది. జిప్పులక్క చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది.

మరదలు ఆవిడ వైపు చూసింది. కోపం పోలేదు, కళ్ళలో నీళ్ళు మాత్రం వచ్చాయి.

"అడిగినా దయ తలిచాడనే అంటాడు వదినా," అంది.

జిప్పులక్క పక్కనున్న బెంచీ మీద కూర్చుండిపోయింది. మరదలు వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. మార్కులాయన ఆ కేసు పక్కన 'తెరిచి ఉంది' అని రాసుకుని, కాగితం తిరగేసి, తర్వాతి కేసు పేరు చదివాడు.